అంబాసిడరు ఇంజనులో నూనె పీడనము, ఐడిలింగు – ఒక పరిశీలన

ఎడ్లబండి ఇరుసునకు కందెన పెట్టకుండ దూరప్రయాణమునకు బండి కట్టు రైతు మన ప్రాంతములో ఉండడు. ఇరుసు కీచుమన్నచో ఎద్దులకు భారమనియు, ఇరుసు అరిగిపోవుననియు ఆయనకు తెలియును. మోటారు ఇంజను విషయమున ఈ చిన్న సత్యమే పెద్ద శాస్త్రమైనది. బండి చక్రము ఇరుసుపై మెల్లగా తిరుగును. ఇంజనులోని క్రాంకుషాఫ్టు నిమిషమునకు వేల మారులు తిరుగును. ఇచట కందెనను చేతితో పూసి ఊరకుండుట చాలదు. నూనెను పంపుతో ఎడతెగక పారింపవలెను. ఆ పారుదల సరిగా జరుగుచున్నదో లేదో మనకు తెలుపు సాధనము నూనె పీడనపు గేజి.

విద్యార్థి మిత్రులారా! ఒక పాత అంబాసిడరు కారు ఇంజనును గూర్చి మేము కొన్ని దినములు చేసిన పరిశీలనను ఈ వ్యాసమున మీ ముందుంచుచున్నాము. ఇందు గొప్ప ఆవిష్కరణ ఏదియు లేదు. కాని తరగతిలో చదివిన ద్రవపదార్థ ధర్మములు ఒక మనిషి జీవనాధారమును ఎట్లు కాపాడగలవో మాకు ఇందువలన తెలిసినది. మేము చేసిన పొరపాటులను కూడ దాచక చెప్పెదము.

1. మా ముందున్న కారు

హిందుస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాలులోని ఉత్తర్‌పారా కర్మాగారమున 1958 మొదలు 2014 వరకు అంబాసిడరు కారును తయారుచేసిరి. ఆంగ్లదేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు దీనికి మూలము. ఆ దేశమున బి.ఎం.సి. వారు రూపొందించిన ‘బి’ శ్రేణి ఇంజను, 1489 ఘన సెంటీమీటర్ల పరిమాణము గలది, అనేక సంవత్సరములు అంబాసిడరునకు గుండెవలె పనిచేసెను. ఎం.జి. కంపెనీవారి పందెపు తరహా చిన్న కార్లలో సైతము ఇదే కుటుంబమునకు చెందిన ఇంజనులు ఉండెను. కావున మేము చెప్పబోవు విషయములు విశాఖపట్టణమునకే పరిమితములు కావు. అట్టి పాత కార్లను ప్రీతితో బాగుచేసుకొను వారికందరకు వర్తించును.

ఒకప్పుడు మన నగరమున ప్రభుత్వ కార్యాలయముల ముందును, రైల్వే స్టేషను టాక్సీల వరుసలోను అంబాసిడర్లే కనిపించెడివి. ఇప్పుడవి అరుదు. వన్‌టౌను ప్రాంతమునకు చెందిన ఒక పెద్దాయన వద్ద అట్టి కారు ఒకటి కలదు. ఆయన చాలకాలము దానిని టాక్సీగా నడిపి కుటుంబమును పోషించిరి. ఇప్పుడు దానిని పెండ్లి ఊరేగింపులకు అద్దెకిచ్చుచున్నారు. ఇంజను అరిగి పొగ వదలుచుండుటచే, కూడబెట్టిన ధనము వెచ్చించి ఒక కార్ఖానాలో దానిని పూర్తిగా విప్పించి కొత్తగా కూర్పించిరి. సిలిండర్లు బోరు చేయబడెను. క్రాంకుషాఫ్టు గ్రైండు చేయబడెను. కొత్త పిస్టన్లు, కొత్త బేరింగులు వేయబడెను.

కారు ఇంటికి వచ్చిన రెండవ దినముననే చిక్కులు మొదలైనవి. ఇంజను వేడెక్కగానే నూనె పీడనము పడిపోవుచుండెను. ఐడిలింగు నిలుకడగా లేక, ఒకమారు పెరుగుచు, ఒకమారు తగ్గుచు, కూడలి వద్ద ఆగినపుడు ఇంజను ఆగిపోవుచుండెను. కార్ఖానావారిని అడుగగా “క్రాంకు మరల గ్రైండు చేయవలెను, ఇంజను మొత్తము విప్పవలెను” అనిరి. పది దినములలో ఒక పెండ్లికి కారు పంపెదనని ఆయన మాట యిచ్చియుండిరి. ఆయన మనుమడు మా విద్యార్థి బృందములో ఒకడు. అతని వెంట ఆయన మా వద్దకు వచ్చి ఇట్లనిరి:

“మళ్ళీ విప్పాలంటే నా దగ్గర డబ్బు లేదు బాబూ. విప్పకుండా నడిపితే ఇంజను దక్కదంటున్నారు. ఏది నిజమో మీరే చూచి చెప్పండి.”

2. పీడనము ఎట్లు పుట్టును?

నూనె పంపు పీడనమును తయారుచేయునని చాలమంది భావింతురు. అది సరికాదు. పంపు ప్రవాహమును మాత్రమే ఇచ్చును. ఆ ప్రవాహమునకు దారిలో కలుగు అడ్డు పీడనమును పుట్టించును. పెరటిలో మొక్కలకు నీరు పెట్టునపుడు గొట్టము మూతిని బొటనవ్రేలితో నొక్కినచో నీరు దూరముగా చిమ్మును. కుళాయి మారలేదు, నీరు మారలేదు. మూతి మాత్రమే ఇరుకైనది. ఇంజనులో ఆ ఇరుకైన మూతులు బేరింగుల సందులు.

నూనె ప్రయాణించు దారిని ఒకమారు చూచెదము. ఇంజను అడుగున నున్న తొట్టిని సంపు అందురు. అందుండి నూనె వలజల్లెడ ద్వారా పంపులోనికి పోవును. పంపు నుండి వడపోత ఫిల్టరునకును, అచటి నుండి బ్లాకు పొడవున నున్న ముఖ్య నాళమునకును చేరును. ముఖ్య నాళము నుండి మూడు మెయిను బేరింగులకును, క్రాంకులోని రంధ్రముల ద్వారా బిగ్‌ఎండు బేరింగులకును, కామ్‌షాఫ్టు బేరింగులకును, పైనున్న రాకరు షాఫ్టునకును పోయి, పని ముగించుకొని మరల సంపులో పడును. పీడనము హద్దు మీరినపుడు అధికమైన నూనెను వెనుకకు సంపులోనికి వదలుటకు ఒక స్ప్రింగు కవాటము కలదు. దీనిని రిలీఫు వాల్వు అందురు.

ఇందు రెండు భౌతిక సూత్రములు గుర్తుంచుకొనవలెను.

మొదటిది సందును గూర్చినది. సన్నని సందు ద్వారా మెల్లగా పారు ద్రవము యొక్క ప్రవాహము సందు మందము యొక్క ఘనమునకు అనులోమానుపాతములో నుండును. అంగుళములో వెయ్యవ వంతును మెకానిక్కులు ‘థౌ’ అందురు. అది సుమారు 25 మైక్రానులు. బేరింగు సందు ఒకటిన్నర థౌ ఉండవలసిన చోట మూడు థౌ ఉన్నచో, నూనె రెండింతలు కాక, ఎనిమిదింతలు జారిపోవును. మూడు థౌ అనగా మన తలవెండ్రుక మందము కంటె పెద్ద ఎక్కువ కాదు. ఆ వెండ్రుకవాసి తేడాయే ఇంజను ఆయుర్దాయమును నిర్ణయించును.

రెండవది చిక్కదనమును గూర్చినది. నూనె వేడెక్కినకొలది పలుచబడును. అమెరికా ఆటోమొబైలు ఇంజనీర్ల సంఘము నిర్ణయించిన ప్రమాణముల ప్రకారము 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద 50 గ్రేడు నూనె చిక్కదనము 16.3 నుండి 21.9 సెంటీస్టోకుల మధ్య ఉండవలెను. 30 గ్రేడు నూనె 9.3 నుండి 12.5 మధ్య ఉండవలెను. అనగా వేడి ఇంజనులో 30 గ్రేడు నూనె రమారమి సగము అడ్డును మాత్రమే కలిగించును.

ఇచట ఒక సందేహము కలుగవచ్చును. చదరపు అంగుళమునకు 15 పౌన్ల పీడనముతో వచ్చు నూనె, పిస్టనుపై ప్రేలుడు వలన కలుగు గొప్ప బలమును ఎట్లు మోయగలదు? దీనికి సమాధానము 1883లో బ్యూషాంప్ టవర్ అను ఆంగ్ల ఇంజనీరు ప్రయోగమున దొరకినది. రైలు పెట్టెల ఇరుసుల బేరింగులను ఆయన పరీక్షించుచుండగా, బేరింగు పైభాగమున తొలిచిన రంధ్రము నుండి నూనె పైకి ఉబికి వచ్చెను. బిరడా బిగించిన, అది వెలుపలికి నెట్టబడెను. అచట పీడనమాపకమును అమర్చగా 200 పౌన్లకు మించి చూపెను. అది బేరింగుపై పడు సగటు భారమునకు రెట్టింపు కంటె ఎక్కువ. తిరుగుచున్న ఇరుసు తనంతట తానే నూనెను సందులోనికి ఈడ్చుకొని, ఆ నూనె పొరపై తేలునని తెలిసెను. 1886లో ఆస్‌బోర్న్ రేనాల్డ్స్ దీనికి గణిత సిద్ధాంతమును నిర్మించెను.

కావున బరువును మోయునది పంపు పీడనము కాదు. తిరుగుడు వలన పుట్టిన నూనె పొర. పంపు పని ఆ పొరకు నూనె కొరత రాకుండ చూచుట. వేగము తగ్గి, నూనె పలుచనై, సరఫరాయు తగ్గినచో పొర తెగును. లోహము లోహమును తాకును. వేడి ఇంజను ఐడిలింగులో నున్న సమయమే బేరింగునకు గండకాలమనుటకు కారణమిదియే.

3. మొదటి దినపు పొరపాటు

ఈ సిద్ధాంతమంతయు మాకు పుస్తకమున తెలిసినదే. అయినను మొదటి దినమున మేము దానిని మరచితిమి. ఐడిలింగు బాగుగా లేదని ఒకరు కార్బ్యురేటరు మిశ్రమపు నట్టును త్రిప్పుచుండగా, మరియొకరు డిస్ట్రిబ్యూటరును జరిపి జ్వలన సమయమును మార్చిరి. ఇంజను కొంత మెరుగుపడి, పిమ్మట మునుపటి కంటె చెడిపోయెను. ఏ మార్పు వలన మేలు కలిగెనో, దేని వలన కీడు కలిగెనో చెప్పగలవారు లేకపోయిరి. తొలుత ఉన్న స్థితిని వ్రాసిపెట్టుకొననందున మరల అచటికి చేరుటకే సాయంకాలమంతయు పట్టెను.

ఆ సమయమున, ఓడల ఇంజను గదులలో పనిచేసి విశ్రాంతి తీసుకొనుచున్న ఒక ఇంజనీరు మా పని చూడవచ్చిరి. మేము “పీడనము ఆరు పౌన్లే ఉన్నదండీ” అని మొరపెట్టగా, ఆయన “ఎంత వేగం దగ్గర? ఎంత వేడి దగ్గర?” అని అడిగిరి. మేము తెల్లబోయితిమి. ఆయన నవ్వి, “ఒంటరిగా వచ్చిన అంకెను నమ్మకండి నాయనా” అనిరి.

1933లో ‘జలదుర్గ’ అను ఓడ మన రేవులో అడుగుపెట్టిన నాటి నుండి నేటి వరకు ఈ రేవునకు వచ్చు ప్రతి యంత్రనౌకలోను ఇంజను గది దినచర్య పుస్తకము ఒకటి ఉండును. అందు పీడనము పక్కనే వేగమును, ఉష్ణోగ్రతయు వ్రాయుదురు. మూడును కలిసియున్నప్పుడే దానికి అర్థము. మేమును ఒక నోటుపుస్తకమున నాలుగు గడులు గీసితిమి: ఇంజను వేగము, నీటి ఉష్ణోగ్రత, నూనె పీడనము, అప్పుడు మేము చేసిన ఒకే ఒక మార్పు.

ఇట్లు వ్రాయనారంభింపగానే ఒక రహస్యము బయటపడెను. కారు మా వద్దకు వచ్చునప్పటికి ఐడిలింగు వేగము 1,100 చుట్లుగా ఎవరో పెంచియుంచిరి. పంపు కామ్‌షాఫ్టు నుండి తిరుగును. కావున ఇంజను వేగము పెరిగిన పంపు వేగమును పెరుగును, గేజి ముల్లును లేచును. 1,100 చుట్ల వద్ద 12 పౌన్లు చూపుచున్న ఆ ఇంజనే 700 చుట్లకు తగ్గింపగా 6 పౌన్లు చూపెను. ఐడిలింగును పెంచుట వలన రోగము తగ్గలేదు. రోగిచిహ్నము మాత్రము కప్పబడినది. అదేవిధముగా, ఐడిలింగు ఊగిసలాడుచున్నంతకాలము పీడనపు అంకెయు ఊగిసలాడుచునేయుండును. ఈ రెండు చిక్కులు వేరువేరుగా పుట్టినవే యైనను, ఒకదాని మాటున ఒకటి దాగునని మాకప్పుడు బోధపడెను.

4. నూనె పీడనము: పరీక్షల వరుస

తేలికయైనదానితో మొదలిడి కష్టమైనదానికి పోవలెను. ఇంజనును విప్పుట అన్నిటికంటె చివర చేయవలెను. ఈ నియమము ననుసరించి మేము సాగితిమి. బేరింగు నుండి కొట్టుడు శబ్దము వినిపించినచో ఆ క్షణమే ఇంజను ఆపవలెననియు ముందే నిశ్చయించుకొంటిమి. అట్టి శబ్దము వినరాలేదు.

మొదటి పరీక్ష: గేజి నిజము చెప్పుచున్నదా? సముద్రపు ఉప్పుగాలి తగులు మన ఊరిలో విద్యుత్ సంధులు త్వరగా చిలుము పట్టును. అందుచే కారులోని సూచికను నమ్మక, బ్లాకుపై నూనె దారికి నేరుగా ఒక యాంత్రిక గేజిని బిగించితిమి. భీమునిపట్టణము దాక పోయి వచ్చి, ఇంజను బాగుగా వేడెక్కిన పిమ్మట చూచితిమి: 700 చుట్ల వద్ద 6 పౌన్లు, 2,000 చుట్ల వద్ద 24 పౌన్లు. ఈ ఇంజను వేడెక్కిన పిమ్మట ఐడిలింగున సుమారు 15, ప్రయాణ వేగమున సుమారు 50 పౌన్లు ఉండుట ఆరోగ్యమునకు గుర్తు. కావున లోపము గేజిలో లేదు, ఇంజనులోనే కలదు.

రెండవ పరీక్ష: నూనె. మట్టము సరిగానే ఉండెను. డబ్బా చూడగా అది నేటి కొత్త కార్లకు వాడు 5డబ్ల్యు–30 గ్రేడు నూనె. ఖరీదైనది గనుక మంచిదని తలచి పోసిరి. నేటి ఇంజనుల సందులు దానికి తగినట్లు చేయబడినవి. ఈ పాత ఇంజను అట్లు కాదు. అదియుగాక, నేటి పలుచని నూనెలలో జింకు, భాస్వరముల సమ్మేళనమును తగ్గించిరి. కామ్‌షాఫ్టుపై రాచుకొను పాత తరహా టాపెట్లకు ఆ సమ్మేళనము రక్షణ. మేము 20డబ్ల్యు–50 నూనెను, కొత్త ఫిల్టరును వేసితిమి. అదే దారిన పోయి వచ్చి చూడగా 700 వద్ద 9, 2,000 వద్ద 32 పౌన్లు. మేలు కలిగెను; కాని చాలదు.

మూడవ పరీక్ష: రిలీఫు వాల్వు. ఈ ఇంజనులో అది బ్లాకు ప్రక్కన, వెలుపలి నుండియే ఒక పానాతో విప్పదగిన చోట ఉండును. తీయగా, కవాటమునకును దాని పీఠమునకును మధ్య సన్నని రబ్బరువంటి పోగు ఒకటి చిక్కుకొనియుండెను. అది గాస్కెట్లు అతికించు జిగురు. గట్టిపడి తెగిన ముక్క. దాని వలన కవాటము ఎప్పుడును పూర్తిగా మూసికొనక, పంపు ఇచ్చిన నూనెలో కొంత భాగము బేరింగులను చేరకయే సంపులోనికి మరలిపోవుచుండెను. శుభ్రపరచి, స్ప్రింగు పొడవును కొత్త స్ప్రింగుతో పోల్చి చూచి, మరల బిగించితిమి. వేడి ఇంజనులో 700 వద్ద 17, 2,000 వద్ద 48 పౌన్లు!

మా ఆనందమునకు మేర లేదు. పెద్దాయన కన్నులు చెమర్చినవి. కొండను త్రవ్వి ఎలుకను పట్టవలసిన పని తప్పినదని అందరును సంతోషించిరి. పెండ్లికి ఇంకను నాలుగు దినములు గడువుండెను. కారును తీసుకొని పొమ్మని చెప్పబోవుచుండగా, మా బృందములో మొదటి సంవత్సరపు విద్యార్థిని ఒకతె మెల్లగా అడిగెను: “సార్, ఆ జిగురు ముక్క అక్కడికి ఎలా వచ్చింది?”

ఎవరును వెంటనే మాటలాడలేదు. రిలీఫు వాల్వు ఫిల్టరునకు ముందే ఉండును. అచటికి ముక్క చేరవలెనన్న సంపు నుండి వలజల్లెడను దాటి, పంపు ద్వారా పోవలెను. ఒక ముక్క జల్లెడను దాటినదనగా, దాటలేని ముక్కలు ఎన్ని జల్లెడకు అంటుకొనియున్నవో? గేజి అంకె బాగున్నది గదా అని మేము వదలివేయబోయినది అసలు కారణమునే. జల్లెడ పూర్తిగా మూసికొనిపోయినచో, ఏ ఊరేగింపులోనో, ఏ ఘాటు దారిలోనో నూనె ఒక్కమారుగా ఆగిపోవును. అప్పుడు క్రాంకుషాఫ్టు దక్కదు.

సంపును విప్పుటకు పెద్దాయన మొదట సందేహించిరి. “ఇప్పుడు బాగానే ఉంది కదా బాబూ, మళ్ళీ ఎందుకు ముట్టుకోవటం?” అనిరి. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. ఒకమారు విప్పించి నష్టపోయిన వారాయన. ఇంజనును విప్పుట వేరనియు, అడుగు తొట్టిని మాత్రము దించుట వేరనియు ఆయనకు బొమ్మ గీచి చూపితిమి. ఆయన ఆ బొమ్మను చాలసేపు చూచి, తలయూపిరి.

సంపు దించగా జల్లెడలో మూడవ వంతు జిగురు పోగులతో కప్పబడియుండెను. సంపు గాస్కెట్టునకు జిగురును అవసరమునకు మించి పూయగా, బిగించినపుడు లోపలికి ఒలికి, గట్టిపడి, తెగి నూనెలో పడినది. ఒక మెయిను బేరింగు మూతను విప్పి, మైనపు పోగును ఉంచి బిగించి, అది చదునైన వెడల్పును బట్టి సందును కొలిచితిమి. రెండు థౌలకు లోపుననే ఉండెను. షాఫ్టు వ్యాసము అంగుళమునకు ఒక థౌ చొప్పున సందు ఉండవలెనను స్థూలసూత్రము ప్రకారము, సుమారు రెండు అంగుళముల ఆ షాఫ్టునకు అది సరిపోవును. క్రాంకును మరల గ్రైండు చేయవలసిన అవసరమే లేదని అప్పుడు నిశ్చయముగా చెప్పగలిగితిమి.

జల్లెడను కడిగి, కొత్త గాస్కెట్టును పలుచగా పూసిన జిగురుతో బిగించి, కొత్త నూనె పోసితిమి. వెంటనే ఇంజనును నడపలేదు. స్పార్కు ప్లగ్గులు తీసివేసి, గేజి ముల్లు లేచువరకు స్టార్టరుతో త్రిప్పి, నూనె అన్ని చోట్లకు చేరిన పిమ్మటనే నడిపితిమి. కొత్తగా కూర్చిన ఏ ఇంజనుకైనను ఇది తప్పక చేయవలసిన పని.

5. ఐడిలింగు: గాలి ఎచట జొరబడినది?

పీడనము కుదిరిన పిమ్మటనే ఐడిలింగు జోలికి పోయితిమి. నూనె సరిగా లేని ఇంజనును గంటలకొలది ఐడిలింగులో ఉంచి సవరించుట దానిని చేతులార చంపుటయే.

ఇంజను గాలిని పీల్చు గొట్టమునకు శూన్యమాపకమును తగిలించితిమి. సముద్రమట్టమున ఆరోగ్యముగల ఇంజను ఐడిలింగులో 17 నుండి 21 అంగుళముల పాదరస శూన్యమును నిలుకడగా చూపవలెను. విశాఖపట్టణము సముద్రపు ఒడ్డుననే ఉన్నందున మాకు ఏ సవరణయు అవసరము లేకపోయెను. ఇదే కారును అరకులోయకు తీసుకొనిపోయినచో, ప్రతి వెయ్యి అడుగుల ఎత్తునకు సుమారు ఒక అంగుళము చొప్పున, మూడు అంగుళములు తక్కువ చూపును. మా గేజి 14 అంగుళములు మాత్రమే చూపెను, ముల్లును ఊగుచుండెను.

శూన్యము తక్కువగుటకు కారణములు అనేకము: జ్వలన సమయము వెనుకబడుట, టాపెట్ల సందు తప్పుట, గాలి దొంగదారిన జొరబడుట. మూడవదానిని పరీక్షించుట సులభము. మ్యానిఫోల్డు అతుకుల వెంబడి ఇంజను నూనెను చుక్కచుక్కగా వదలితిమి. ఇందుకు పెట్రోలును ఎన్నడును వాడరాదు. వేడి ఇంజనుపై అది అగ్నిప్రమాదము. నడిమి అతుకు వద్ద నూనె చుక్క చటుక్కున లోపలికి పీల్చబడి, ఇంజను వేగము ఒక్క క్షణము మారెను. దొంగ దొరికెను.

‘బి’ శ్రేణి ఇంజనులో గాలిని తెచ్చు మ్యానిఫోల్డును, పొగను కొనిపోవు మ్యానిఫోల్డును పక్కపక్కనే ఉండి, ఒకే గాస్కెట్టుపై కూర్చుండును. ఒకే వెడల్పాటి వాషరు రెండింటి అంచులను కలిపి నొక్కును. రెండు అంచుల మందము సమానమైనచో రెండును బిగియును. ఒకటి మందముగా, మరియొకటి పలుచగా ఉన్నచో మందమైనదే బిగియును. పలుచనిది వదులుగా నుండును. ఇంజను కూర్చునపుడు పగిలిన పొగ మ్యానిఫోల్డుకు బదులు మరియొక కారు నుండి తీసినది వేసిరి. దాని అంచు సుమారు 20 థౌలు మందముగా ఉండెను. ఎంత బిగించినను గాలి మ్యానిఫోల్డు పూర్తిగా నొక్కబడుట లేదు. రెండింటిని కలిపి ఒకే మట్టమునకు మిల్లింగు చేయించి, కొత్త గాస్కెట్టుతో బిగింపగా శూన్యము 19 అంగుళములకు పెరిగి, ముల్లు కదలక నిలిచెను.

అటుపిమ్మట, ఒక్కొక్కటిగా, వరుస తప్పక, ప్రతి మార్పును వ్రాసికొనుచు, టాపెట్ల సందులను, పాయింట్ల సందును, జ్వలన సమయమును పుస్తకములోని కొలతలకు సరిచేసితిమి. కార్బ్యురేటరును అన్నిటికంటె చివర ముట్టితిమి. పాత అంబాసిడర్లలో తరచుగా కనిపించు ఎస్.యు. కార్బ్యురేటరే ఇందును ఉండెను. స్కిన్నర్ అను చెప్పుల వ్యాపారపు కుటుంబమువారు ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో దీనిని కల్పించిరి. మొదటి నమూనాలలో తోలుతిత్తి ఉండెడిదనుట వినోదకరమైన విషయము. ఇందలి పిస్టనును పిన్నుతో ఒక మిల్లీమీటరు లోపుగా పైకెత్తి పరీక్షింపవలెను. వేగము పెరిగి అట్లే నిలిచినచో మిశ్రమమున పెట్రోలు ఎక్కువ. ఇంజను ఆగబోయినచో తక్కువ. క్షణకాలము కొంచెము పెరిగి మరల యథాస్థితికి వచ్చినచో సరి. నట్టును ఒక్కొక్క పలక చొప్పున త్రిప్పుచు మేము ఆ స్థితికి తెచ్చితిమి.

మొదటి దినమున మేము అన్నిటికంటె ముందు ముట్టినది ఈ కార్బ్యురేటరునే. దొంగగాలి జొరబడుచుండగా మిశ్రమమును సవరించుట, ఓటికుండలో నీరు నింపుటవంటిదని నోటుపుస్తకము చివరి పుటలో వ్రాసికొంటిమి.

ఆ పుటలోని తుది అంకెలివి: నీటి ఉష్ణోగ్రత సాధారణము, వేగము 700, శూన్యము 19 అంగుళములు, నూనె పీడనము 17 పౌన్లు. నాలుగును ఒకే వరుసలో ఉన్నవి.

6. విద్యార్థులకును, కమిటీవారికిని మనవి

కారు అనుకొన్న దినమునకు పెండ్లి ఊరేగింపునకు పోయినది. ఊరేగింపనగా బాజాల వెంట మనిషి నడక కంటె మెల్లగా, గంటల తరబడి, వేడి ఇంజను ఐడిలింగులోనే నడచుట. ఈ ఇంజనునకు ఇంతకంటె కఠినమైన పరీక్ష లేదు. మేమిద్దరము వెనుక సీటులో గేజిని పట్టుకొని కూర్చుంటిమి. ముల్లు 15నకు దిగువకు రాలేదు.

ఈ పనిలో మేము కార్ఖానావారిని నిందింపబూనలేదు. వారి బేరింగు పని చక్కనిది. జిగురును కొంచెము ఎక్కువ పూసిరి, అంచును కొలువలేదు. అట్టి చిన్న పొరపాటులు ఎవరి చేతనైనను జరుగును. కాని “మొత్తము విప్పవలెను” అను మాట కొలతలు తీయకుండ చెప్పబడినది. కొలువకుండ చెప్పిన తీర్పు ఒక పేదవాని కూడబెట్టిన ధనమునకు ఎసరు పెట్టగలదు. ఆ పెద్దాయన వంటివారు మన ఊరిలో ఆటోలు, లారీలు, చేపల బోట్ల ఇంజనులు నమ్ముకొని అనేకులు కలరు. వారికి కావలసినది గొప్ప యంత్రవిద్య కాదు. ఓపికతో కొలిచి, నిజము చెప్పు మనిషి.

కళాశాల కమిటీవారికి మా విన్నపము చిన్నది. ఈ పనికి మేము వాడిన పీడనపు గేజి, శూన్యమాపకము, వేగమాపకము మూడును ఎరువు తెచ్చుకొన్నవే, తిరిగి ఇచ్చివేసితిమి. ఈ మూడింటిని భౌతికశాస్త్ర ప్రయోగశాలకు సమకూర్చినచో, వచ్చు సంవత్సరపు విద్యార్థులు మరియొకరి ఇంజనుకు సాయపడగలరు. నాలుగు గడులు గీచిన నోటుపుస్తకమును మేము గ్రంథాలయమున ఉంచితిమి. అందు మొదటి దినపు పుట ఖాళీగా ఉన్నది. ఆ దినమున మేము ఏమియు వ్రాయలేదు గనుక దానిని అట్లే వదలితిమి.